ఎత్తుకూ లోతుకూ దండం

నడకా, నీకు దండం. నేస్తాల గుంపును ఒకే దారిన నడిపించే నడకా, కొండ మీదికి ఎక్కించి, గండిలోకి దింపి, మళ్ళీ ఎవరి గుమ్మంలో వాళ్ళను వదిలే నడకా, నిన్ను పొగడడానికి కలకత్తాకు మించిన ఊరు లేదు. ఎందుకంటే ఇక్కడ ఎక్కడానికి ఏమీ లేదు. సముద్రానికి పట్టుమని పది మీటర్లు పైకి లేవని నేల ఇది. ఫ్లైఓవరే మా కొండ, మెట్రో మెట్లే మా లోయ. గట్టి వాన పడితే ఠన్‌ఠనియా కాళీబాడి ముందు మోకాలి లోతు నీళ్ళు నిలిచి, ఎటు పారాలో తోచక అక్కడే ఉండిపోతాయి. వాలు అంటే ఏమిటో ఆ నీళ్ళకు తెలియదు. ఈ ఊరి మనుషులకు తెలుసు.

తెలుసు కనుకే, పూజ సెలవులు దగ్గరపడగానే సియాల్దా స్టేషన్లో రక్‌సాకులు గోడవారగా వరస కడతాయి. బెంగాలీ ఇంట సెలవంటే దీఘా, పూరీ, డార్జిలింగ్. మూడింటినీ కలిపి 'దీ-పు-దా' అని తమను తామే ఆటపట్టించుకుంటారు. ఆ మూడో ఊరి దగ్గర కారు దారి ఆగిపోయినా తాము ఆగనివాళ్ళు కొందరుంటారు. బ్యాంకు ఉద్యోగులు, బడి పంతుళ్ళు, మందుల షాపుల యజమానులు. పేట క్లబ్బులో క్యారమ్ బల్ల పక్కనే తాళ్ళు చుట్టిపెట్టుకుని, టెంట్లు అద్దెకు తెచ్చుకుని, ఏడాదంతా ఆ పది రోజుల కోసం కాచుకుని ఉండేవాళ్ళు. వాళ్ళ నడుమ మాలాంటి తెలుగువాళ్ళం కొందరం, పులిహోర పొట్లాలతో, ఆవకాయ సీసా మూత గట్టిగా బిగించి.

ఒండ్రుకు దండం. 1835 నుంచి 1840 దాకా ఫోర్ట్ విలియంలో మంచినీళ్ళ కోసం బోరు వేశారు. 481 అడుగులు దిగారు. ఇసుక వచ్చింది, బంకమన్ను వచ్చింది, ఎప్పటివో చెట్లు మగ్గి నల్లబడిన పొర వచ్చింది, గులకరాళ్ళూ ఎముక ముక్కలూ వచ్చాయి. కొండరాయి మాత్రం తగల్లేదు. ఎలా తగులుతుంది? ఆ రాయంతా ఎగువన పొడి అయిపోయింది. గంగ తిరగలిలా హిమాలయాన్ని విసిరి, ఆ పిండిని ఇక్కడ పోసింది. గంగా బ్రహ్మపుత్రలు ఏటా మోసుకొచ్చే మన్ను సుమారు వంద కోట్ల టన్నులు. అందులో మనం కట్టుకున్న ఊళ్ళు, పండించుకున్న వరి, ఆడుకున్న మైదానాలు పోను, మిగిలింది బంగాళాఖాతం అడుగున శ్రీలంకను కూడా దాటి మూడు వేల కిలోమీటర్ల పొడవున పరుచుకుంది. ధర్మతల్లాలో ట్రామ్ పట్టాల మీద నిలబడ్డవాడు నిజానికి హిమాలయం మీదే నిలబడ్డాడు. కొండే ముందుగా మన ఊరొచ్చి పలకరించి పోయింది. మనం వెళ్ళేది మర్యాదకు, బదులు పలకరింపుకు.

లెక్కకు దండం. కొండ కంటికి కనిపించని ఊళ్ళో కూర్చుని కొండను కొలిచిన బుర్రకు దండం. బీహార్ మైదానాల నుంచి, నూరు మైళ్ళకు పైబడిన దూరం నుంచి, దుర్భిణుల్లో చిక్కిన ఒక తెల్లని మొన 'పదిహేనో శిఖరం' అనే పేరుతో సర్వే పుస్తకాల్లో పడి ఉండేది. కలకత్తా సర్వే కార్యాలయంలో ప్రధాన గణకుడు రాధానాథ్ సిక్దార్ 1852లో ఆ కోణాలన్నిటినీ కూడి, గాలి వెలుగును ఎంత వంచుతుందో తీసివేసి, ప్రపంచంలో దాన్ని మించింది లేదని తేల్చాడు. 1856లో 29,002 అడుగులని ప్రకటించారు. నేటి కొలతకూ ఆ లెక్కకూ తేడా తొమ్మిది మీటర్లు. మా ఊరు సముద్రం మీద లేచి నిలిచిన ఎత్తు ఎంతో, దాదాపు అంతే.

ఆ లెక్క మన తెలుగు గడప తొక్కకుండా ఏమీ పోలేదు. తర్వాతి రోజుల్లో ఆ శిఖరానికి ఎవరి పేరు పెట్టారో ఆ జార్జ్ ఎవరెస్ట్, 1818లో సర్వే నడిపే లాంబ్టన్ దొర దగ్గర సహాయకుడిగా చేరింది హైదరాబాదులో. కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో గుట్ట నుంచి గుట్టకు కొలతలు తీస్తూ మన్యపు జ్వరాల పాలయ్యాడు. దక్కన్ గుట్టల మీదుగా సాగిన ఆ త్రిభుజాల వల ఒక కొసన బారక్‌పూర్ ట్రంక్ రోడ్డును తాకింది. అక్కడ ఆధార రేఖ కొలవడానికి 1830ల తొలినాళ్ళలో కట్టిన గోపురం సుఖ్‌చర్‌లో ఇప్పటికీ బస్సుల హోరు మధ్య నిలబడి ఉంది. దాని పక్కగా పోయినప్పుడల్లా మాలో ఎవరో ఒకరు చేయెత్తుతారు. కొలిచినవాళ్ళు నడిచినవాళ్ళే. గొలుసులు, పెట్టెలు, యంత్రాలు మోస్తూ, ఒకరి కంటిని ఒకరు సరిచూసుకుంటూ నడిచిన ఆ గుంపే మనకు మొదటి గుంపు.

రైలుకు దండం. రాత్రి సియాల్దాలో కదిలే డార్జిలింగ్ మెయిల్‌కు, పై బెర్తు మీద నిద్రపోని కబుర్లకు, తెల్లారేసరికి న్యూ జల్‌పాయీగుడీలో తగిలే ఆ మొదటి సన్నని చలికి. అక్కడి నుంచి జీపు. సుఖియా పోఖరి దాటాక మానేభంజాంగ్. పాత ల్యాండ్ రోవర్లు దగ్గుతూ రొప్పుతూ ఇంకా బతికే ఉన్న ఊరు. బూట్ల దారాలు బిగించేదీ అక్కడే, దారి చూపే దాజుకు నమస్కారం పెట్టేదీ అక్కడే. ఆ గట్టున అన్న అంటే దాజు, అక్క అంటే దీదీ. రెండు మాటలు వస్తే చాలు, ఏ పొయ్యి దగ్గరైనా చోటు దొరుకుతుంది.

సింగలీలా గట్టుకు దండం. ఎడమ కాలు నేపాల్లో, కుడి కాలు భారతదేశంలో పడే దారికి దండం. చిత్రే, మేఘ్మా, తుమ్లింగ్, గైరీబాస్, కాలీపోఖరి. జపమాలలో పూసల వరసగా కాళ్ళకు వచ్చేసే పేర్లు. ఏప్రిల్‌లో లాలీగురాస్ చెట్లు ఆకును పూలతో కప్పేసి ఎరుపునే చూపిస్తాయి. వెదురు పొదల్లో ఎర్రపాండా ఉందంటారు, అది మాత్రం మనల్ని చూసి మనకు కనిపించకుండా పోతుంది. మేఘ్మాలో మబ్బు వచ్చి ముందున్నవాడి వీపును తుడిచేస్తుంది. అప్పుడు గొంతే ఆనవాలు. "ఏటి బావా, ఉన్నావా?" అని ఖరగ్‌పూర్ నేస్తం కేక. "ఉన్నానోయ్, నడువు" అని వెనకనుంచి జవాబు. "చోలో దాదా, చోలో" అని బెంగాలీ మిత్రుడి తోడ్పాటు. మూడు గొంతులు మబ్బులో ఒకదానికొకటి తాడు వేసుకుంటాయి.

వెనకబడ్డవాడికి దండం. నడకా, నీ ధర్మశాస్త్రమంతా వాడి కాళ్ళలోనే రాసి ఉంది. 3,636 మీటర్ల ఎత్తున, ఆ గట్టు మీది సందక్‌ఫూలో మనకు అందేది కింద పీల్చే గాలిలో ఇంచుమించు మూడింట రెండు వంతులు. రెండడుగులకు ఒక ఊపిరి, ఆపైన ఒక్క అడుగుకే ఒక ఊపిరి. ఊళ్ళో మెట్లమీద పరుగెత్తేవాడు ఇక్కడ తల పట్టుకుని కూలబడతాడు. ఊళ్ళో నెమ్మదస్తుడని వెక్కిరింత పడ్డవాడు ఇక్కడ ఒకే తీరున, ఆగకుండా, అలవకుండా పైకి చేరతాడు. తొందరపడ్డవాడి తలనొప్పికి మందు కిందికి దిగడమే. వాడితో పాటు ఇంకొకరు దిగాల్సిందే, ఒంటరిగా పంపకూడదు. శిఖరం రేపూ ఉంటుంది అని వాడి సంచి తన భుజాన వేసుకుని వెనక్కి మళ్ళిన మనిషిని చూశాక, స్నేహానికి వేరే సాక్ష్యం అడగబుద్ధి కాదు. గుంపు వేగం అంటే గుంపులో నెమ్మదైనవాడి వేగం. ఇంత చిన్న సూత్రాన్ని ఊళ్ళు ఇంకా నేర్చుకోలేదు.

చలికి దండం, చలిలో పొయ్యికి దండం. ఆవిరి కక్కే తుక్‌పా గిన్నె చుట్టూ వేళ్ళు బిగించి కూర్చున్న సాయంత్రాలకు, గంటల తరబడి నమిలినా లొంగని ఛుర్పీ ముక్కకు, కందిపొడి డబ్బా తీయగానే దీదీ ముఖంలో విచ్చుకున్న కుతూహలానికి. ఆ రాత్రి ఎవరి బాధ వాళ్ళు చెప్పుకుంటారు. మైదానంలో ఏళ్ళపాటు గొంతు దాటని మాట, పదకొండు వేల అడుగుల పైన, టార్చి ఆర్పేశాక, దుప్పటి కింద నుంచి దానంతట అదే వస్తుంది. విన్నవాళ్ళెవరూ సలహా ఇవ్వరు. పొద్దున్నే ఆ మాట చెప్పినవాడి నీళ్ళ సీసా ఎవరో నింపి పెడతారు, అంతే.

అప్పుడు తెల్లవారుతుంది. నిద్రపోతున్న బుద్ధుడని ఇక్కడివాళ్ళు పిలిచే మంచు బారు, కుంభకర్ణ తలగా, కాంచన్‌జంఘా దేహంగా, దిగంతం పొడవునా పడుకుని కనిపిస్తుంది. వాయవ్యాన దూరంగా లోత్సే, ఎవరెస్ట్, మకాలూ. లోకంలోని అయిదు అతి పొడుగు శిఖరాల్లో నాలుగు ఒకే చూపులో. మొదటి ఎండ 8,586 మీటర్ల కాంచన్‌జంఘా మొన మీద పడుతుంది. 1955 మే 25న జో బ్రౌన్, జార్జ్ బ్యాండ్ మొదటిసారి దాని పైదాకా వెళ్ళి, కొన కొద్ది అడుగుల్లో ఉందనగా ఆగిపోయారు. అది దేవుడి చోటు, అక్కడ కాలు పెట్టబోమని సిక్కిం రాజుకు మాటిచ్చారు. ఆ మాట తర్వాత వెళ్ళినవాళ్ళు ఎందరో నిలబెట్టారు. నడకా, గెలిచే వీలుండి ఆగిపోవడమూ నీలో ఒక అడుగేనని ఆ కొన చెబుతుంది.

నల్లరాయికి దండం. మంచు కొండకు పోకముందు వేళ్ళకు అక్షరాలు దిద్దించే బడి రాళ్ళకు. బాంకురాలో శుశునియా గుట్ట ఉంది. పదహారు వందల ఏళ్ళకు ముందు చంద్రవర్మ అనే రాజు చెక్కించిన శాసనం దాని ఒంటి మీద ఉంది. చలికాలం ఆదివారాల్లో ఆ గుట్ట మీదే కలకత్తా పిల్లలు తాళ్ళకు వేలాడుతూ పట్టు నేర్చుకుంటారు. పురూలియాలో జయచండీ పహాడ్ ఉంది. సత్యజిత్ రాయ్ 'హీరక్ రాజార్ దేశే' తీసిన చోటు. పిల్లల సినిమాలో నియంతను కూలదోసిన ఊరి బయట, అసలు పిల్లలు తమ భయాన్ని కూలదోసుకుంటారు. ఈ గుట్టల మీద నలిగిన వేళ్ళే పైపైకి పోయాయి. 1960లో సుకుమార్ రాయ్ నాయకత్వాన ఆనంద బజార్ పత్రిక సాయంతో నందాఘుంటి మీదికి వెళ్ళిన బెంగాలీ బృందంలో సైనికులు లేరు. మామూలు ఊరి మనుషులు. ఆ తర్వాతే బెంగాలులో కొండెక్కడం పేట పేటకూ పాకింది.

పోయినవాళ్ళకు దండం. పొగడ్తలో భయాన్ని దాచిపెడితే అది అబద్ధమవుతుంది. 2014 మే నెల 20న, హౌరా అమ్మాయి ఛందా గాయెన్, అప్పటికే కాంచన్‌జంఘా ఎక్కిన మనిషి, పక్కనే ఉన్న యాలుంగ్ కాంగ్ మీద హిమపాతంలో చిక్కి ఇక తిరిగి రాలేదు. ఆ నెల 25న, నిజామాబాద్ జిల్లా పల్లె నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ, పద్నాలుగేళ్ళు నిండకముందే, ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్ట్ మీద నిలబడింది. ఆ పిల్లలు మొదట వేళ్ళు ఆనించింది భువనగిరి ఏకశిల మీద, తర్వాత పాఠం నేర్చింది డార్జిలింగ్‌లో, 1954లో టెన్జింగ్ మొదటి క్షేత్ర శిక్షణ సంచాలకుడిగా నిలిచిన పర్వతారోహణ సంస్థలో. అయిదు రోజుల ఎడంలో ఒకరిని తీసుకుని, ఒకరిని ఎత్తి చూపించింది ఆ మంచు. ఏ లెక్కన అలా చేసిందో దాన్ని అడగగలవాళ్ళు లేరు. ఇద్దరి ఊళ్ళ మనుషులమూ మా గుంపులో ఉన్నాం. ఒకరి ఏడుపులో ఒకరం, ఒకరి పండగలో ఒకరం తలవంచుకున్నాం.

ఎర్రమట్టికి దండం. ఎడారి లేని బెంగాలులో ఎడారి గండిని దాచి ఉంచినందుకు. ఒకప్పుడు లోకంలోనే పొడుగనిపించుకున్న ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద, 1,072 మీటర్లు, మా నడక టికెట్టు లేకుండానే మొదలవుతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి వర్క్‌షాపులో చెమటోడ్చిన తెలుగు కుటుంబాల ఊరు అది. ఉత్తరాంధ్ర యాస బెంగాలీ గాలిలో తడిసి అక్కడ వేరే తీపిగా వినిపిస్తుంది. అక్కడ ఒక ఇంట్లో ఇడ్లీ తిని, మేదినీపూర్ మీదుగా పోయే రైలెక్కి గడబేతాలో దిగితే, జీడిమామిడి తోటలు దాటగానే నేల ఒక్కసారి తెగిపోతుంది. అదే గంగనీ. కింద శీలావతి నది. లక్షల ఏళ్ళ వానలు కరిగేదాన్ని కరిగించి పట్టుకుపోగా మిగిలిపోయిన ఇనుము తుప్పే ఈ ఎరుపంతా. పై పొర గట్టిగా టోపీ పెట్టుకుని నిలబడుతుంది, అడుగున మెత్తని మట్టిని నది కోస్తుంది, పైనుంచి వాన చీలుస్తుంది. గోడలు, కమానులు, గుహలు, ఒంటిస్తంభాలు. ఏటేటా శ్రావణం వెళ్ళాక కొన్ని ఉండవు, కొన్ని కొత్తగా ఉంటాయి.

భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేనని, అక్కడక్కడా కనిపించే తెల్లని రాళ్ళు వాడి ఎముకలేనని ఊరివాళ్ళు చెబుతారు. కంపెనీ దొరల మీద తిరగబడ్డ నాయక్‌లు ఈ సాలవనాల్లోనే దాగారని కూడా చెబుతారు. ఆకలికి ఎదురు నిలిచిన కథలు రెండూ. బండెడు అన్నం తీసుకెళ్ళి రాక్షసుణ్ణి కూల్చినవాడి కథ వింటూ మరమరాలు పంచుకు తినడం మాకు ఆచారం. సాయంత్రం పడమటి ఎండ గోడల మీదికి రాగానే ఎరుపు పసుపవుతుంది, పసుపు ఊదా అవుతుంది. అప్పుడు మాట్లాడేవాడికి మా గుంపులో జరిమానా.

సంక్రాంతికి ఇళ్ళకు పోయినప్పుడు నడక మమ్మల్ని ఇంకో గండి దాకా తీసుకుపోయింది. జమ్మలమడుగు దాటి, గండికోట. పెమ్మసాని నాయకుల బురుజుల వెనక, ఎర్రమల కొండలను పెన్న నిలువునా కోసిన చోటు. గంగనీ మన్ను వేలితో గీకితే రాలుతుంది, గండికోట రాయి గునపానికీ లొంగదు. భూగర్భ శాస్త్రంలో 'గండికోట క్వార్ట్‌జైట్' అని ఈ రాతిపొరకు ఈ ఊరి పేరే ఉంది. వంద కోట్ల ఏళ్ళకు మునుపు ఏదో సముద్రం ఒడ్డున పేరుకున్న ఇసుకే ఇది, కుదించుకుని, కాగి, రాయైంది. దాన్ని పలుచని పెన్న కోసింది. ఎండాకాలం చూస్తే ఆ నదికి అంత బలం ఉందని నమ్మబుద్ధి కాదు. మన స్నేహితుల్లోనూ అలాంటివాళ్ళుంటారు. నోరు మెదపరు, ఏళ్ళు గడిచాక చూసుకుంటే మన మొండితనంలో ఒక దారి కోసి ఉంటారు.

అరిజోనాలో స్థిరపడ్డ పాత నేస్తం పిలిచినప్పుడు కొలరాడో నది గండినీ చూశాం. 446 కిలోమీటర్ల పొడవు, మైలు లోతు. 1880ల్లో క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడి రాతి గోపురాలకు శివుడి పేరు, విష్ణువు పేరు పెట్టాడు. గండి అడుగున, దాదాపు నూట డెబ్బై కోట్ల ఏళ్ళ నల్లరాతికి కూడా విష్ణువు పేరే. పైనా ఆయనే, అడుగునా ఆయనే, మధ్యలో చెమటలు కక్కుతూ మనం. కొండమీద కష్టం ముందు, సుఖం తర్వాత. ఎడారి గండిలో ఆ వరస తలకిందులు. ముందు హాయిగా దిగుతాం, పాటలు పాడుకుంటూ. అప్పు తిరుగు దారిలో వసూలవుతుంది, ఎండ నెత్తిన ఉన్నప్పుడు, సీసాలో నీళ్ళు అడుగంటినప్పుడు. కొండ మనలో ఓపికను చూస్తుంది, గండి మనలో ముందుచూపును చూస్తుంది. దిగేటప్పుడు తన నీళ్ళు దాచి, ఎక్కేటప్పుడు మూత తీసి ముందు పక్కవాడికి అందించిన చేయి ఎవరిదో, నడకా, నీకు గుర్తుంటుంది. మాకూ గుర్తుంది.

ఇప్పుడు తెలుస్తోంది నువ్వు చెబుతున్నది. సింగలీలా గట్టు, గంగనీ గండి, కలకత్తా మైదానం మూడు చోట్లు అనుకున్నాం. అవి మట్టికి మూడు అవస్థలు. భూమి ఎత్తింది కొండ, నీరు కోసింది గండి, నీరు దించింది మైదానం. ఏ అవస్థలోనూ అది ఒంటరిగా లేదు. రేణువు పక్కన రేణువు ఉంది కాబట్టే భూమి ఎత్తగలిగింది, నీరు కోయగలిగింది, మళ్ళీ దించగలిగింది. మా గుంపు కథా అంతే. ఉద్యోగాలు ఎత్తాయి కొందరిని, అప్పులూ విడాకులూ చావులూ కోశాయి కొందరిని, చాలామందిని ఏవో ఊళ్ళలో ఒంపి సర్దేశాయి. ఏడాదికొకసారి అందరూ ఒకే దారి మీదికి వచ్చి, ఎవరు ఎంత అరిగారో చూసుకుంటారు. నవ్వుకుంటారు. సంచుల బరువు మళ్ళీ సమానంగా పంచుకుంటారు.

కాబట్టి, నడకా, నీ ముందు మా కోరిక ఇది. మోకాళ్ళు అరిగినా మమ్మల్ని పిలవడం మానకు. మబ్బులో మా కేకకు ఒక జవాబు ఉండనీ. కొనకు చేరువలో ఆగాల్సి వస్తే ఆగే వివేకాన్ని, వెనకబడ్డవాడి కోసం దిగాల్సి వస్తే దిగే మనసును ఇవ్వు. మమ్మల్ని ఎత్తు, కోయి, ఎక్కడైనా ఒంపు, నీ ఇష్టం. ఏం చేసినా మట్టిగానే ఉంచు, పక్కవాడి పాదం ఆనడానికి చాలినంత గట్టిగా.